మొదట చూసిందెవరు

నీలమొగ ఊరి జనం దేనికైనా అబద్ధం ఆడతారు. పట్టిన చేప ఎంతుందంటే ఆడతారు, కూతురి వయసు అడిగితే ఆడతారు, మందు మానేశావా అంటే పెళ్ళాం మీద ఒట్టేసి మరీ ఆడతారు. ఒక్క విషయంలో మాత్రం ఆడరు. సముద్రంలో చేపల గుంపు కదులుతున్నప్పుడు ఒడ్డు మీద నిలబడి దాన్ని మొదట చూసి కేక వేసిందెవరో, ఆ పేరు మార్చరు. చూసినవాళ్ళు ముసలివాళ్ళయినా, ఆడవాళ్ళయినా, చుట్టపుచూపుగా వచ్చిన పరాయి ఊరివాళ్ళయినా సరే, వల లాగాక వాళ్ళ పాలు తీసి పక్కన పెట్టాల్సిందే. చూసినవాళ్ళకూ ఒక నియమం ఉంది. తమవాళ్ళ చెవిలో గుసగుసలాడితే కుదరదు, ఒడ్డంతా వినబడేలా అరవాలి. ఈ పద్ధతి ఎక్కడా రాసి లేదు. రాసి లేదు కాబట్టే ఇన్నాళ్ళు చెడకుండా నిలిచిందని సత్యకుమారి నమ్మకం. ఆ నమ్మకమే ఆమె కొంప ముంచింది.

సత్యకుమారికి నలభై ఆరేళ్ళు. పదో తరగతి పాసయిందన్న సంగతి ఊళ్ళో ఆమెకు తప్ప అందరికీ గుర్తుండేది, ఎందుకంటే బ్యాంకు కాగితమో కరెంటు బిల్లో చదవాల్సి వచ్చినప్పుడల్లా ఆమె గుమ్మంలోకే వచ్చేవారు. ఇరవై ఎనిమిది మంది ఆడవాళ్ళున్న గంగమ్మ మత్స్యకార మహిళా సంఘానికి ఆమె అధ్యక్షురాలు. పడవల దగ్గర చేప కొని, ఉప్పు పట్టించి, ఎండబెట్టి, అంబాజీపేట వైపు సంతల్లో అమ్ముకోవడం ఆ ఇరవై ఎనిమిది మంది బతుకు.

చేపలు ఎండాలంటే చోటు కావాలి. ఆ చోటును ఆరేళ్ళుగా సముద్రం కొరుక్కు తింటోంది. ఒకప్పుడు చేపలు ఆరబోసిన ఇసకదిబ్బ ఇప్పుడు నీళ్ళలో ఉంది. ఆడవాళ్ళు తారు రోడ్డు అంచున పరుచుకుంటున్నారు, మీదుగా మోటారు సైకిళ్ళు పోతున్నాయి. ఒక్క వాన పడితే రెండు రోజుల కష్టం పురుగు పట్టిపోతుంది. అలాంటి రోజునే ఎండు చేపలు కొనే గంగాధర్ కాటా పట్టుకుని వచ్చి, కుళ్ళకముందే ఇచ్చేయండమ్మా అని తను చెప్పిన ధరకు ఎత్తుకుపోతాడు. బడి పక్కన పంచాయతీ వారి మెరక స్థలం ఖాళీగా ఉంది. అక్కడ నడుమెత్తున మంచెలు వేసి, పైన వెలుతురు దిగే ప్లాస్టిక్ కప్పు వేస్తే వానా లేదు, పురుగూ లేదు, ఎండిన చేపను ఎవరికి కావాలంటే వాళ్ళకు అమ్ముకోవచ్చు. సత్యకుమారికి కావలసింది అదొక్కటే. దానికోసం ఎనిమిది నెలలు తిరిగింది.

తిరిగింది అమలాపురం. అక్కడ బస్టాండు వెనక మేడ మీద రెండు గదుల ఆఫీసు ఒకటి ఉంది. పంచాయతీలకూ చిన్న చిన్న సంఘాలకూ గ్రాంట్లు ఎక్కడున్నాయో వెతికిపెట్టి, దరఖాస్తు రాసిపెట్టడం వాళ్ళ పని. అందులో కౌముది అని పాతికేళ్ళ పిల్ల, అగ్రహారంలో పురోహితుల ఇంటి అమ్మాయి. సత్యకుమారి మొదటిసారి వెళ్ళిన రోజున ఆ పిల్ల తెలియకుండానే ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. నాలుగో నెలకల్లా వాసన చూసి, "ఇవాళ నెత్తళ్ళాండీ?" అని అడిగేంత పండితురాలైంది.

"గ్రాంటంటే అప్పు కాదండీ, తిరిగి కట్టక్కర్లేదు," అని మొదటి రోజే చెప్పింది కౌముది. "కాకపోతే పిలిచి ఎవరూ ఇవ్వరు. ఎక్కడుందో మనమే చూసుకోవాలి. చూసేసరికి గడువు దాటిపోకూడదు."

"మా చేపల్లాగేనన్నమాట," అంది సత్యకుమారి. ఆ పోలిక ఆమెకు బాగా నచ్చింది. అదే తర్వాత ఆమెను ముంచింది.

బుధవారం బుధవారం బస్సెక్కి వచ్చేది. ఒక గ్రాంటుకు మూడేళ్ళ ఆడిట్ అడిగారు. ఇంకొకటి చేనేతవాళ్ళకట. మరొకటి అచ్చం వీళ్ళ కోసమే రాసినట్టుంటే, మూడో పేజీలో అరటి సాగు అని తేలింది. "ఇది రావులపాలెం వోళ్ళకి చెప్పండమ్మా," అని నవ్వేసింది సత్యకుమారి. ఒక ట్రస్టువాళ్ళు ఇంగ్లీషులో ఉత్తరం రాశారు. కౌముది దాన్ని చదివి, తెలుగులో చెప్పి, ఇవ్వలేమంటున్నారండీ అని తేల్చింది. "లేదని ఇంత అందంగా చెప్పడం మా ఊళ్ళో ఎవడికీ చేతకాదు," అంది సత్యకుమారి. అన్నదే గాని, తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

చివరికి గ్రాంటు కనిపించింది ఆమెకే. కౌముది కింద టీ తాగడానికి వెళ్ళింది. సత్యకుమారి కొత్త కళ్ళజోడు పెట్టుకుని, ఆ పిల్ల నేర్పినట్టు మౌసు తిప్పుతూ తెర మీద జాబితా చూస్తోంది. తీరజ్యోతి ఫౌండేషన్ అని ఒక పేరు, దాని కింద చేపలు ఆరబోసిన మంచెల బొమ్మ. సముద్రం ఒడ్డు కోసేస్తున్న ఊళ్ళలో ఆడవాళ్ళ సంఘాలకు ఎండు చేపల యార్డులు. ఆమె వేసిన కేకకు కింద టీ కొట్టువాడు తలెత్తి చూశాడు.

కౌముది పరుగున వచ్చి నియమాలన్నీ చదివింది. స్థలం పంచాయతీది అయి ఉండాలి. పంచాయతీ తీర్మానం జతచేయాలి. ఒక పంచాయతీ నుంచి ఒకే దరఖాస్తు, ముందు ఏది అందితే అదే. గడువు మూడు వారాలు.

"సత్యకుమారి గారూ, పంపించేదాకా ఊళ్ళో ఎవరికీ చెప్పకండి."

"అదేంటండీ?"

"ఇంకెవరైనా ముందు పంపేస్తే మనది తీసుకోరండీ."

"మా ఊళ్ళో అలాగ చెయ్యరండి. చూసినోళ్ళు చెప్పకుండా దాచుకుంటే మంచినీళ్ళు కూడా పొయ్యరు."

"ఇది చేపలు కాదు కదండీ."

"అదేనండీ నేనూ అనేది. చేపలకే అంత నీతుంటే దీనికుండదా?"

చదువుకున్నవాళ్ళకు అనుమానాలు ఎక్కువ అనుకుంది సత్యకుమారి, ఆ పిల్ల మీద కాస్త జాలిపడింది కూడా.

మర్నాడు పొద్దున్నే పడవలు ఒడ్డెక్కే వేళకు ఆమె బోర్లించిన తెప్ప మీదికెక్కి నిలబడింది. చేపలు కనిపించినప్పుడు వేసే కేకే వేసింది. మగాళ్ళు వలలు వదిలేసి సముద్రం వైపు చూశారు. "అటు గాదురా, ఇటు," అని నవ్వి సంగతంతా చెప్పింది. ఎవరు ఇస్తున్నారో, ఏమేం కావాలో, గడువు ఎప్పుడో, పంచాయతీకి ఒక్కటే అన్న సంగతితో సహా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆడవాళ్ళు కేరింతలు కొట్టారు. ముందుగా చప్పట్లు కొట్టింది గంగాధర్.

గంగాధర్‌కు ఆరు మోటారు పడవలున్నాయి, ఐసు గొడౌన్ ఉంది, ఎండు చేపల కాటా ఉంది. వీటితోపాటు సర్పంచి పదవి కూడా ఉంది, కాకపోతే అది ఆయన భార్య పాపాయి పేరు మీద ఉంది. ఆయన వేలు పెట్టిన చోట ఆవిడ సంతకం పెడుతుంది, అంతవరకే ఆవిడ పరిపాలన. ఊళ్ళో చాలామంది మగాళ్ళలాగే సత్యకుమారి భర్త చినబాబు కూడా పదిహేనేళ్ళుగా గంగాధర్ పడవ మీదే పనిచేస్తున్నాడు. వరసకు గంగాధర్ ఆమెకు బావగారు అవుతాడు.

"మన ఊరి పేరు నిలబెట్టేవమ్మా," అన్నాడు గంగాధర్. "తీర్మానం సంగతి నాకొదిలెయ్. వారంలో నీ చేతిలో పెడతాను."

"తమరి దయండి బావగారూ," అంది సత్యకుమారి. ఆ క్షణంలో ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టమన్నా పెట్టేదే.

తర్వాతి రెండు వారాలు ఉన్నంత సంతోషంగా ఆమె జీవితంలో ఎప్పుడూ లేదు. ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి ఆడవాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. ఎవరి చేపలు ఏ వానకు పోయాయి, ఎవరి పిల్ల ఏ సంవత్సరం బడి మానేసింది, అన్నీ. సముద్రం ఎంత లోపలికి వచ్చిందో చూపించాలంటే ఫొటో కావాలంది కౌముది. చినబాబు నడుం లోతు నీళ్ళలోకి దిగి, తన తండ్రి ఇల్లు ఉండిన చోట వెదురుగడ పాతి పట్టుకుని నిలబడ్డాడు. సత్యకుమారి ఒడ్డు మీంచి ఫోనులో ఫొటో తీసింది.

"నిటారుగా నిలబడవయ్యా, తాగినట్టున్నావు."

"అలొత్తంటే నిటారుగా ఎలా నిలబడతానే?"

పనిలేని మధ్యాహ్నం ఒకటి చూసుకుని రాసిందంతా అతనికి చదివి వినిపించింది. తన తండ్రి పేరు వచ్చిన చోట చినబాబు ఆగమన్నాడు. "మళ్ళీ సదువు," అన్నాడు. రెండోసారి విని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "మా నాన్న పేరు కంపూటర్లోకెక్కించేవే," అన్నాడు. పెళ్ళయి ఇరవై ఏడేళ్ళయినా మొగుడు తనను అంత గౌరవంగా చూడటం ఆమెకు అదే మొదలు.

ఫొటోలు, రాతలు, అన్నీ ఎప్పటికప్పుడు నూకరత్నానికి వాట్సాప్‌లో పంపేది. నూకరత్నం సంఘానికి కార్యదర్శి, మినిట్స్ పుస్తకం, స్టాంపు ఆమె దగ్గరే ఉంటాయి. అంతకన్నా ముందు ఆమె సత్యకుమారికి బుట్ట జత. చేపల బుట్ట ఒక్కరే నెత్తికెత్తుకోలేరు, రెండో మనిషి చెయ్యి వెయ్యాలి. పాతికేళ్ళుగా వీళ్ళిద్దరూ ఒకరి బుట్ట ఒకరు ఎత్తుకుంటున్నారు. అలాంటి మనిషికి పంపడంలో ఆలోచించేదేముంటుంది?

తీర్మానం మాత్రం వారంలో రాలేదు. పంచాయతీ సెక్రటరీ సెలవులో ఉన్నాడన్నారు. తర్వాత పాపాయికి జ్వరమన్నారు. ఆ తర్వాత పుస్తకం మండలానికి వెళ్ళిందన్నారు. గడువుకు ఒక్కరోజు ముందు గంగాధరే స్వయంగా ఇంటికి వచ్చి, కాగితంతో పాటు కాజాల పొట్లం కూడా చేతిలో పెట్టాడు. "నోరు తీపి చేసుకోమ్మా," అన్నాడు.

మర్నాడు అమలాపురంలో కౌముది అన్నీ ఎక్కించి ఆఖరి బటన్ నొక్కింది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. కౌముది రెండోసారి నొక్కింది. మళ్ళీ అవే.

"ఏమంటందండీ?"

"మీ పంచాయతీ నుంచి దరఖాస్తు ఎనిమిది రోజుల కిందటే అందిందట."

ఏదో పొరపాటు పడి ఉంటారని సత్యకుమారి ధైర్యం చెప్పింది, అదీ కౌముదికి. కౌముది ఫౌండేషన్‌కు ఫోన్ చేసి, ఇక్కడ తేడా ఉందని చెప్పి, ఆ దరఖాస్తు తాలూకు వివరాలు తెప్పించింది. నీలమొగ సాగర మహిళా సంఘం. ఎప్పుడో ఎన్నికలప్పుడు రిజిస్టరు చేయించి మూలన పడేసిన సంఘం అది. అధ్యక్షురాలు పాపాయి. స్థలం గంగాధర్ ఐసు గొడౌన్ పక్కన, ఆయన పంచాయతీకి దానం ఇచ్చినట్టు రాసుకున్న ముక్క. అక్కడ ఎండిన చేప ఆయన కాటా దాటి బయటికి పోదని చెప్పడానికి చదువు అక్కర్లేదు. కింద, కార్యదర్శి: నూకరత్నం.

కౌముది ఇంకా కిందికి జరిపింది. అవన్నీ సత్యకుమారి మాటలే. ఎవరి చేపలు ఏ వానకు పోయాయో అన్నీ ఉన్నాయి, మామగారి పేరు కూడా ఉంది. వెదురుగడ పట్టుకుని వంకరగా నిలబడ్డ చినబాబు ఉన్నాడు. సత్యకుమారి కళ్ళజోడు తీసేసింది. కోపం రావాలి గాని ఆమెకు ముందు సిగ్గేసింది. ఈ చిన్నపిల్ల చెప్పకండని చెబితే, నవ్వి, నీతులు చెప్పి వెళ్ళింది తను.

"మీరు ముందే చెప్పేరండి," అంది.

"ఆ మాట ఇప్పుడెందుకండీ," అంది కౌముది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళున్నాయి.

మర్నాడు పొద్దున నూకరత్నం బుట్ట నింపుకుని, ఎత్తడానికి చెయ్యి కోసం చూస్తుంటే సత్యకుమారి వెళ్ళి ఎదురుగా నిలబడింది. నూకరత్నానికి అంతా అర్థమైపోయింది. ముందు బుకాయించబోయింది, తర్వాత ఏడ్చింది, తర్వాత ఎదురు తిరిగింది. మనుషులు మామూలుగా పడే వరుసే అది.

"మా కుర్రోడికి గొడౌన్లో వాచ్‌మన్ పనిత్తానన్నారు సత్యా. నువ్వయితే ఇప్పించగలవా?"

"నన్నడిగేవా?"

"అయినా నీకేం అన్యాయం చేత్తన్నారే? నువ్వు చూశావు, ఆళ్ళు వల ఏశారు. చూసినోళ్ళ పాలు నీకిచ్చేత్తామన్నారు బావగారు. నిన్ను సూపర్‌వైజర్‌గా పెడతారంట. మన పద్ధతేగా?"

"కేకేసినోళ్ళని తోసేసి వల ఏసుకోడం మన పద్ధతేంటే?" అంది సత్యకుమారి. "నా రాతలెత్తుకెళ్ళి ఆడి చేతిలో పెట్టేవు. పాతికేళ్ళు నా నెత్తి మీదికి బుట్టెత్తిన చేతులేనా ఇయ్యి?"

ఆ రోజు ఇద్దరి బుట్టలూ వేరే ఆడవాళ్ళు ఎత్తారు.

కౌముది ఊరుకోలేదు. జరిగిందంతా ఫౌండేషన్‌కు రాసింది. వాళ్ళు మంచివాళ్ళే, జవాబిచ్చారు. తమ మనిషి ఒకరు వచ్చి ఊళ్ళో ఆడవాళ్ళతో మాట్లాడతారట. గ్రాంటు సంగతి కనిపెట్టింది, దరఖాస్తు తయారుచేసింది సత్యకుమారే అని ఆడవాళ్ళు చెబితే, దాన్ని గంగమ్మ సంఘం పేరుకే మార్చేస్తారు. మంచెలు బడి పక్కన మెరక మీదే వేస్తారు. ఊరికి వచ్చేది పోదు.

"మీవాళ్ళతో ముందే మాట్లాడి పెట్టుకోండి," అంది కౌముది ఫోనులో. "ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళండి."

"వెళ్ళి ఏమనాలండీ? నిజం చెప్పమని బతిమాలాలా?"

"అవునండీ, బతిమాలండి."

"ఆడెవడో దొంగతనం చేసేడండి, నూకరత్నం కొడుకు పని కోసం ఆశపడింది, సరే. అంతమందిని నిలబెట్టి మొదట చూసిందెవరని అడిగితే మా ఒడ్డు మీద అబద్ధం ఆడేవోళ్ళు పుట్టలేదండి. నేనెళ్ళి అడిగితే ఆళ్ళని అవమానించినట్టు."

ఒకసారి మునిగిన మనిషి మళ్ళీ అదే రేవులో దిగుతుందా అంటే, దిగింది. ఆ ఒక్క నమ్మకం కూడా వదిలేసుకుంటే ఆ ఊళ్ళో తనకింక మిగిలేదేమిటో ఆమెకు తెలియలేదు. అందుకని ఎవరి గుమ్మమూ తొక్కలేదు. ఫౌండేషన్ మనిషి వచ్చే రోజు మాత్రం ఉతికిన చీర కట్టుకుని, జడ వేసుకుని, అందరికంటే ముందు తుఫాను షెల్టరుకు వెళ్ళి కూర్చుంది.

పదకొండింటికి ఫౌండేషన్ మేడమ్ వచ్చింది. నడివయసు మనిషి, తెలుగు బాగానే మాట్లాడుతోంది. కౌముది కూడా వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. సంఘం ఆడవాళ్ళందరూ చాపల మీద కూర్చున్నారు. మగాళ్ళు గోడ వారగా నిలబడ్డారు. గంగాధర్ బయట మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. లోపలికి కూడా రాలేదు. అంత ధీమా ఏమిటో సత్యకుమారికి అర్థం కాలేదు.

"భయపడకండి," అంది మేడమ్. "ఒక్కటే అడుగుతాను. ఈ గ్రాంటు సంగతి మీ ఊళ్ళో మొదట చూసిందెవరు?"

ఆ మాట వినగానే సత్యకుమారికి ధైర్యం వచ్చింది. మేడమ్‌కు తెలియకుండానే సరిగ్గా ఒడ్డు మీద అడిగే ప్రశ్నే అడిగింది.

నూకరత్నం లేచింది. "సర్పంచి గారండి," అంది. అది అనుకున్నదే. సత్యకుమారి మిగతావాళ్ళ వైపు చూసింది. పక్కనున్న ఆమె లేచి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "పాపాయి గారేనండి," అంది. ఈమె పిల్ల బడి మానేసిన సంగతి రాసినప్పుడు ఈమెతో పాటు సత్యకుమారి కూడా ఏడ్చింది. ఆ వెనక ఇంకొకామె. "సర్పంచి గారండి." తర్వాత ఇంకొకామె. ఒక్కొక్కరూ లేవడం, ఆ మాట అనడం, కూర్చోవడం. ఎవరూ సత్యకుమారి వైపు చూడలేదు. బడి పిల్లలు హాజరు పలికినట్టు పలికారు ఇరవై ఏడు మందీ.

"నేనండీ," అంది సత్యకుమారి లేచి. గొంతు ఆమె అనుకున్నదానికంటే చిన్నగా వచ్చింది. "నేను చూశానండి. తెప్పెక్కి నేనే చెప్పేను. ఈళ్ళందరూ విన్నారు."

మేడమ్ కాగితాలు తిరగేసింది. కౌముది రాసిన ఉత్తరం ఆవిడ ముందే ఉంది. సంచిలోంచి ట్యాబ్ తీసి, వెదురుగడ ఫొటో చూపించింది. "ఈయన ఇక్కడున్నారా?"

చినబాబు గోడ దగ్గర్నించి ముందుకు వచ్చాడు. సత్యకుమారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఇంతమంది మాట ఒక ఎత్తు, ఫొటోలో నిలబడ్డ మనిషి మాట ఒక ఎత్తు. మొగుడున్న సంగతే మర్చిపోయి ఎందుకు బెదిరిపోయాను అనుకుంది.

"ఇది మీరేనా?"

"ఆయ్, నేనేనండి."

"ఈ ఫొటో ఎవరు తీశారు?"

చినబాబు ఫొటో వైపే చూస్తున్నాడు. "సర్పంచి గారి మనుషులు తీసేరండి."

"మీ ఆవిడ తీశారని ఈ ఉత్తరంలో ఉందే?"

"మా ఆవిడకి ఫోన్లో ఫొటోలు తియ్యడం రాదండి," అన్నాడు చినబాబు. "ఇయ్యన్నీ దానికి తెలవ్వండి. చేపలు ఎండబెట్టుకుంటాదంతే."

వెనక కుర్చీలో కౌముది లేచి నిలబడింది. సత్యకుమారి ఆమెకు చేత్తోనే వద్దని సైగ చేసింది. ఇంకేం వాదిస్తుంది? మేడమ్ ఆమె వైపు చూసి, "మీరేమైనా చెప్తారా అమ్మా?" అని అడిగింది. ఆ గొంతులో జాలి ఉంది. కట్టుకున్నవాడు కూడా కాదన్న మనిషి మీద, పిచ్చిదేమోనన్న జాలి. సత్యకుమారి తల అడ్డంగా ఊపి కూర్చుంది. మేడమ్ ఏదో రాసుకుంది, సంతకం పెట్టింది, పుస్తకం మూసింది. మంచెలు ఐసు గొడౌన్ పక్కన వేయడం ఖాయమైపోయింది. మెట్ల మీద గంగాధర్ లేచి ఒళ్ళు విరుచుకున్నాడు.

ఇంటికి వచ్చి ఆమె అన్నం వండింది. ఎందుకు వండిందంటే మధ్యాహ్నమైంది కాబట్టి. చినబాబు చాలాసేపు వీధి అరుగు మీద కూర్చుని, ఆకలికి ఆగలేక లోపలికి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. ఆమె వడ్డించింది. అతను కలుపుకున్నాడు గాని ముద్ద ఎత్తలేదు.

"నిన్న గంగాధర్ పడవల మీద అందరికీ చెప్పేడే," అన్నాడు కంచంలోకి చూస్తూ. "ఎవడి ఇంటి ఆడది నీ పేరు చెప్పినా ఆడు రేపట్నించి పడవెక్కక్కర్లేదన్నాడు. ఈ వయసులో నన్నెవడు ఎక్కించుకుంటాడే? ఏం చెయ్యమంటావు?"

"అందరికీ చెప్పేడా?"

"ఆఁ, అందరికీ. ఆళ్ళంతా ఇళ్ళకెళ్ళి చెప్పుకున్నారు."

సత్యకుమారి నీళ్ళ చెంబు కింద పెట్టింది. అప్పటిదాకా ఆమెకు అర్థం కానిది అప్పుడు అర్థమైంది. ఆ ఇరవై ఏడు మందికీ ముందే తెలుసు. రాత్రే తెలుసు. పొద్దున్న ఉతికిన చీర కట్టుకుని అందరికంటే ముందు వెళ్ళి కూర్చున్నప్పుడు, వెనకే వచ్చిన ప్రతి ఆడదీ ఆమెను చూసి, ఈవిడకు ఇంట్లో చెప్పలేదు కాబోలు అనుకునే ఉంటుంది.

"ఊళ్ళో మగాళ్ళందరూ పెళ్ళాలకి చెప్పుకున్నారు," అంది. "నువ్వెందుకు చెప్పలేదయ్యా?"

"చెబితే నువ్వొప్పుకోవు కదే," అన్నాడు చినబాబు. "నువ్వు నిజం తప్ప చెప్పవు."

"ఒప్పుకునేదాన్ని," అంది సత్యకుమారి. ఏడుపు రాలేదు, వచ్చినా బాగుండేది. "నీ కూడు పోద్దని ఒక్కమాట చెప్పుంటే, నీ పక్కన నిలబడి పాపాయే చూసిందండని అందరికంటే ముందు నేనే చెప్పేదాన్ని. అంతమందిలో నువ్వు నన్ను ఏం తెలవనిదాన్ని చేసేవు. నేనేంటో నీకూ తెలవలేదు."

చినబాబు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆమె ఇంకో గరిటె అన్నం వడ్డించి, పక్కన కూర్చోకుండా వెళ్ళి గుమ్మంలో కూర్చుంది.